కిటికీలోంచి కొండ కనిపిస్తుంటే మాకు ట్రెడ్‌మిల్ కావాలట!

ఇప్పుడే అపార్ట్‌మెంట్ మీటింగ్ నుంచి పైకొచ్చాను. లిఫ్ట్‌లో కాదు, నాలుగంతస్తులూ మెట్ల మీదే వచ్చాను. ఆయాసం లేదు గానీ కోపానికి చేతులు వణుకుతున్నాయి. ఇది ఇక్కడ రాసేస్తే గానీ నాకు అన్నం సహించదు.

మాది విశాఖలో మాధవధార. వెనక బాల్కనీ తలుపు తీస్తే సింహాచలం కొండ ఎదురుగా నిలబడి ఉంటుంది. గుమ్మం దిగి పది నిమిషాలు నడిస్తే కొండ మొదలు. అలాంటి చోట మా అసోసియేషన్ వాళ్లు ఫ్లాటుకి ఆరువేలు వేసుకుని ట్రెడ్‌మిల్ కొంటారట. అదీ మామూలుది కాదు, ముందు భాగం పైకి లేచేది. "కొండెక్కినట్టే ఉంటుంది మేడమ్" అంటున్నారు సెక్రటరీ గారు. దాన్ని పెట్టడానికి ఒకటో అంతస్తులో మూల గది చూసిపెట్టారు. ఆ గదికున్నది ఒకటే కిటికీ. ఆ కిటికీలోంచి కనిపించేది ఏంటో చెప్పనా? కొండే!

నేను లేచి, ఆ డబ్బుతో వెనక వీధికి రెండు లైట్లు వేయించండి, తెల్లారగట్ల ఆడవాళ్లం ధైర్యంగా కొండ దాకా వెళ్తాం అన్నాను. దానికి ఆయన జవాబు వినండి. "ఆ మెట్లూ గుట్టలూ మీరు మానేయాలి మేడమ్. ఈ వయసులో మోకాళ్లరిగిపోయి మంచాన పడితే చేసేది మీ కోడలే కదా." అందరూ నవ్వారు. నా కోడలు నా పక్కనే కూర్చుని ఉంది.

నాకు యాభై రెండు. మోకాలేమన్నా ఆటో టైరా, తిరిగిన కొద్దీ అరిగిపోడానికి? కీలులో ఎముకల కొసలకి ఉండే నున్నటి పొరకి, అంటే మృదులాస్థికి, రక్తనాళాలు లేవు. నడిచినప్పుడు అది నొక్కుకుని, మళ్లీ వదులై, కీలులోని ద్రవం నుంచే పోషణ లాక్కుంటుంది. కదలని కీలుకి ఆ తిండి సరిగ్గా అందదు. తొడ ముందు కండ గట్టిగా ఉంటే మోకాలి మీద పడే బరువులో కొంత అది మోస్తుంది. ఇప్పటికే వాపున్నవాళ్లూ, కీళ్లవాతం ముదిరినవాళ్లూ డాక్టర్నడిగి ఎక్కాలి, అది నేనూ చెప్తాను. కానీ నా మోకాళ్ల సంగతి ఆయనకెవరు చెప్పారు?

ఇంకో మాట. ఏటా ఆషాఢ పౌర్ణమికి ఆయనే మా గేటు ముందు టేబులు వేయించి గిరి ప్రదక్షిణ భక్తులకి మజ్జిగ పోస్తారు. కొండ కింద మొదటి మెట్టు, తొలి పావంచా దగ్గర కొబ్బరికాయ కొట్టి, హనుమంతవాక, అప్పూఘర్ మీదుగా కొండ చుట్టూ 32 కిలోమీటర్లు నడిచి వస్తారు వాళ్లు. అందులో డెబ్భై దాటిన అమ్మమ్మలుంటారు, చాలామందికి కాళ్లకి చెప్పులుండవు. వాళ్లకి దణ్ణం పెట్టిన మనిషే, ఆ కొండ దగ్గరికి రోజూ పోయే నన్ను మంచాన పడతావంటారా!

నా కాళ్లు ఎంత బలహీనమో నాకు తెలిసింది 2014 అక్టోబరు 12న. హుద్‌హుద్ తుఫాను వచ్చిన రోజు. విశాఖవాళ్లకి వేరే చెప్పక్కర్లేదు. కరెంటు రోజుల తరబడి లేదు, లిఫ్ట్ లేదు, మోటారు లేదు. కింద ట్యాంకర్ దగ్గర బకెట్ నింపుకుని నాలుగో అంతస్తుకి మొయ్యాలి. రెండో బకెట్‌కే మూడో అంతస్తు మలుపులో కూలబడ్డాను. అప్పటికి నలభై ఒకటి నాకు. నీళ్ల బకెట్ పక్కన పెట్టుకుని ఏడ్చాను. ఆ కార్తీకంలోనే కొండ మొదలుపెట్టాను. చెట్లన్నీ విరిగి కొండంతా గోధుమరంగుకి తిరిగిపోయి ఉండేది. అది మళ్లీ పచ్చబడుతుంటే నా కాళ్లూ కూడా గట్టిపడ్డాయి.

మొదటి వారం పావు వంతు కూడా ఎక్కలేదు. మర్నాడు బాగానే ఉంది. రెండోనాడు పొద్దున మంచం దిగబోతే తొడలు పట్టేశాయి, అయిపోయింది నా పని అనుకున్నాను. అది మోకాలి జబ్బు కాదు, దిగినప్పటి నొప్పి. ఎక్కేటప్పుడు కండ కుంచించుకుని ఒంటిని పైకి లాగుతుంది. దిగేటప్పుడు అదే కండ సాగుతూనే బ్రేకు వెయ్యాలి. ఆ పని అలవాటు లేని కండకి ఒకటి రెండు రోజులాగి నొప్పి వస్తుంది. కండ దానంతటదే సర్దుకుని, తర్వాతిసారి అదే దిగుడు దిగితే నొప్పి బాగా తగ్గుతుంది. ఈ సంగతి తెలియక ఎంతమంది రెండోనాడే మానేశారో! మీ ట్రెడ్‌మిల్ పైకి లేస్తుంది సరే, కిందికి దిగడం నేర్పుతుందా? రాళ్ల మీద చీలమండ అటూ ఇటూ కాసుకోవడం నేర్పుతుందా?

నాకు దిగడం నేర్పింది ఏ కోచూ కాదు. మాధవస్వామి గుడి దగ్గర్నుంచి కొండ మీదుగా సింహాచలం పోయే కాలిదారిలో కట్టెల మోపుతో ఎదురైన ఒక పెద్దావిడ. అరవై దాటి ఉంటాయి. నా నడక చూసి ఆగింది. "బేగి దిగకమ్మా. మోకాలు బిగబెట్టకు. పాదం అడ్డంగా ఎయ్యి" అంది. నెత్తి మీద మోపుతో అలా ఒక్కొక్క అడుగూ వేసి చూపించింది. ఆ తర్వాత ఆవిడని మళ్లీ చూడలేదు. ఇప్పటికీ ఏటవాలులో పాదం అడ్డంగా వేసినప్పుడల్లా ఆవిడే గుర్తొస్తుంది.

కొండలు ముసలి కాళ్లకి చేటు అనేవాళ్లు, కుర్రాళ్లకి మాత్రం అవే ఎందుకు మేలంటారో చెప్పాలి. న్యూజిలాండ్ కోచ్ ఆర్థర్ లిడియార్డ్ తన రన్నర్లని కొండల మీద కూడా పరిగెత్తించి తయారు చేశాడు. ఆయన శిష్యుడు పీటర్ స్నెల్ 1960 రోమ్ ఒలింపిక్స్‌లో 800 మీటర్లు గెలిచాడు. 1964 టోక్యోలో 800, 1500 రెండూ గెలిచాడు. లిడియార్డ్‌కి కొండలున్నాయి. మనకి లేవా? సింహాచలం, కైలాసగిరి, యారాడ, తొట్లకొండ, ఎటు తిరిగితే అటు కొండే.

కొండ పేరెత్తితే నా కడుపులో ఇంకోటి కదులుతుంది. 1986, ఎనిమిదో తరగతి. మా స్కూలు వెనక చిన్న కొండ ఉండేది. శనివారం డ్రిల్ పీరియడ్‌లో మాస్టారు మగపిల్లల్ని కొండ పైదాకా పరిగెత్తించేవారు. మమ్మల్ని క్లాసులో కూర్చోబెట్టి కుట్లూ అల్లికలూ. వాళ్లు చెమటతో, ఎర్రమట్టితో, కేకలేసుకుంటూ దిగుతుంటే మేం కిటికీలోంచి చూసేవాళ్లం. ఓ రోజు నేనే లేచి, మేమూ వస్తాం మాస్టారూ అన్నాను. "మీ కాళ్లకి కండలెందుకమ్మా, పట్టీలు చాలు" అన్నారు. అప్పుడూ క్లాసంతా నవ్వింది. నేను కూర్చుని గొలుసుకుట్టు కుట్టుకున్నాను. ఇరవై ఎనిమిదేళ్లు నేను కొండ జోలికి పోలేదు.

2014 మే 25న మాలావత్ పూర్ణ ఎవరెస్ట్ ఎక్కింది. పదమూడేళ్ల పదకొండు నెలల పిల్ల, నిజామాబాద్ జిల్లా గిరిజన కుటుంబం. భువనగిరి బండ మీద ఎక్కడం నేర్చుకుని ఎవరెస్ట్ దాకా పోయింది. ఆ వార్త టీవీలో చూసి నేను భోరుమని ఏడిస్తే మా ఇంట్లో ఎవరికీ అర్థం కాలేదు. పదమూడేళ్లప్పుడు నాకు దొరికింది సూదీ దారమూ!

అప్పుడు ఆడపిల్లవి, వద్దు. ఇప్పుడు వయసు మీరింది, వద్దు. మధ్యలో పిల్లలూ వంటా, తీరికెక్కడిది. మరి నా కాళ్లు నావి ఎప్పుడు? ఇవాళ మీటింగ్‌లో నాకు మంట పుట్టింది ట్రెడ్‌మిల్‌కి కాదు, ఆ నవ్వుకి. అది నేను ఎనిమిదో తరగతిలో విన్న నవ్వే.

ఈ రోజు నేను పీట మీంచి చెయ్యి ఆనించకుండా లేస్తాను. పాతిక కేజీల బియ్యం బస్తా వంటింట్లోకి నేనే తెచ్చుకుంటాను. అసోసియేషన్‌లో నా ఆరువేలు అడగండి, ఇవ్వను.

మీటింగ్ అయ్యాక నా కోడలు లిఫ్ట్ దగ్గర ఆగలేదు. నా వెనకే మెట్లెక్కి వచ్చింది. మూడో అంతస్తు మలుపులో, సరిగ్గా నేను కూలబడ్డ చోటే ఆగి, "అత్తయ్యా, రేపు నన్నూ లేపండి" అంది.

రేపు తెల్లారి ఐదున్నరకి మేమిద్దరం తొలి పావంచా దగ్గర ఉంటాం. రాదలచుకున్న అక్కలూ చెల్లెళ్లూ రండి. పట్టున్న చెప్పులు వేసుకోండి, నిన్న వాన పడింది, మెట్ల అంచున నాచు ఉంటుంది. ఏడు దాటితే ఉక్కపోత చంపేస్తుంది కాబట్టి నీళ్లూ, ఉప్పేసిన మజ్జిగా తెచ్చుకోండి. అడుగులు చిన్నవి వెయ్యండి, పాదం మొత్తం మెట్టు మీద ఆనించండి. మొదటిరోజు ఎన్ని మెట్లెక్కారో ఎవరూ లెక్క అడగరు. దిగేటప్పుడు నేను ముందుంటాను.