పన్ను సకాలంలో కట్టిన పాపం

ఇంటి పన్ను బకాయిల మీద వడ్డీలో 90 శాతం మాఫీ చేస్తామని హైదరాబాద్ మహానగర పాలక సంస్థ 2020లో ప్రకటించింది. 2022లో ప్రకటించింది. 2024లో ప్రకటించింది. 2025లోనూ ప్రకటించింది. ఏప్రిల్ నెలలోనే ఏడాది పన్ను మొత్తం కట్టేసే అమాయకులకు ఆ సంస్థ ఇచ్చే రాయితీ 5 శాతం. ఈ రెండు అంకెలనూ పక్కపక్కన పెట్టి కాసేపు చూడండి. పౌరధర్మం మీద కొత్త గౌరవం కలుగుతుంది.

లెక్క వేద్దాం. బకాయి మీద పడేది నెలకు 2 శాతం, అంటే మనం ఊళ్లలో చెప్పుకునే రెండు రూపాయల వడ్డీ. పది వేల పన్నును 50 నెలలు కట్టకుండా ఉంటే వడ్డీ ఇంకో పది వేలు. అందులో 90 శాతం ఎగిరిపోతే మిగిలేది వెయ్యి. సర్కారుకు చెందాల్సిన పది వేలను నాలుగేళ్లకు పైగా జేబులో పెట్టుకుని తిరిగినందుకు పడ్డ వడ్డీ ఇరవై పైసలు. ఈ రేటుకు అప్పిచ్చే బ్యాంకు ఈ దేశంలో లేదు. బావమరిది కూడా ఇవ్వడు. ఇంత చక్కటి పొదుపు పథకం నడుస్తుంటే ఏప్రిల్‌లో పరుగెత్తుకెళ్లి పన్ను కడుతున్న మనల్ని చూసి కౌంటర్లో కూర్చున్న గుమాస్తా ఏమనుకుంటాడో!

అయితే ఈ యోగం అందరి జాతకంలోనూ ఉండదు. చిన్న ఇంటివాడు బకాయి పడితే ఎర్ర నోటీసు వస్తుంది, కుళాయి కనెక్షన్ పోతుంది, మార్చి నెలలో గుమ్మం ముందు డప్పు మోగుతుంది. హైదరాబాదులో 2015లో బకాయిదారుల గుమ్మాల ముందు చెత్త డబ్బాలు కూడా పెట్టించారు. బకాయిల చిట్టాలో పెద్ద పద్దు ఏదంటే మాత్రం ప్రభుత్వ శాఖలదే. మరి ఆ డప్పు అక్కడికి ఎందుకు వెళ్లదు?

వెళ్లిందనే అనుకుందాం. జిల్లా కార్యాలయం గేటు దగ్గర అటెండరు “ఏ సెక్షన్?” అని అడుగుతాడు. డప్పు కొట్టడానికి వచ్చామంటే ముందు తపాలాలో ఇవ్వమంటాడు. తపాలా గుమాస్తా డప్పును అటూ ఇటూ తిప్పి చూసి, దీనికి కవరింగ్ లెటర్ ఏదంటాడు. లెటర్ తెచ్చేసరికి సూపరింటెండెంటు గారు సెలవు. ఆయన వచ్చాక ఫైలు పుడుతుంది. డప్పు ఒక దెబ్బకు ఎంత, రెండు చేతులతో కొడితే ఏ పద్దు కింద చూపాలి అన్న సందేహంతో ఆ ఫైలు ఆర్థిక శాఖ అభిప్రాయానికి పోతుంది. ఈలోగా డప్పు కళాకారులకు టీ ఇస్తారు, ఎంతైనా సర్కారు మనుషులు కదా. ఆరు నెలలకు జవాబు వస్తుంది: “నిధులు విడుదలైన వెంటనే చెల్లింపు విషయం పరిశీలించబడును. సదరు డప్పు రికార్డు గదిలో భద్రపరచడమైనది.”

కోర్టుకు వెళ్లవచ్చు కదా అంటారా? 2020 అక్టోబరులో రజనీకాంత్ వెళ్లారు. లాక్‌డౌన్‌లో పెళ్లిళ్లే జరగనప్పుడు చెన్నైలోని తన కల్యాణ మండపానికి ఆరున్నర లక్షల ఆస్తి పన్ను ఏమిటన్నది ఆయన ప్రశ్న. కార్పొరేషన్‌కు అర్జీ పెట్టి జవాబు రాకముందే పరుగెత్తుకొచ్చినందుకు ఖర్చులు వేస్తామని మద్రాస్ హైకోర్టు హెచ్చరించింది. ఆయన పిటిషన్ వెనక్కి తీసుకుని, పన్ను కట్టి, అనుభవమే పాఠమని ట్వీట్ చేశారు. అర్జీ పెట్టి ఎదురుచూడటం అంత పెద్ద హీరోకు కొత్త కావచ్చు. మనం ఆ విద్యలో ఆరితేరినవాళ్లం. మదింపు తప్పయితే గడువు దాటకముందే కాగితం మీద అభ్యంతరం రాసి ఇవ్వండి, రసీదు మీద ముద్ర వేయించుకోండి. జవాబు సంగతి మనవలు చూసుకుంటారు.

ఆదాయపు పన్ను వారి వడ్డీ వ్యాపారం ఇంకా ముచ్చటైనది. మనం బాకీ ఉంటే రూపాయి వడ్డీ, నెలలో ఒక్క రోజు గడిచినా పూర్తి నెల లెక్క. వాళ్లు మనకు బాకీ ఉంటే అర్ధ రూపాయి. ఆ అర్ధ రూపాయి కూడా మన ఆదాయమే కాబట్టి దాని మీద మళ్లీ పన్ను. వాళ్ల జ్ఞాపకశక్తి సంగతి చెప్పనే అక్కర్లేదు. 1962 నాటి చిల్లర డిమాండ్లు కూడా పుస్తకాల్లో అలాగే ఉండి తర్వాతి ఏళ్ల రిఫండ్లకు అడ్డుపడుతున్నాయని 2024 ఫిబ్రవరి బడ్జెట్ ప్రసంగంలో నిర్మలా సీతారామన్ గారే చెప్పారు. నెహ్రూ గారు ప్రధానిగా ఉన్నప్పటి బాకీ! ఇలాంటివి వదిలేస్తే కోటి మందికి మేలట. ఫోన్ల కంపెనీ వొడాఫోన్ తన మీద వేసిన పన్ను కేసును 2012లో సుప్రీంకోర్టులో గెలిచినప్పుడు, ఆ పన్ను ఎలాగైనా రాబట్టాలని సర్కారు చట్టాన్ని వెనక్కి సాగదీసింది కూడా 1962 దాకానే. ఆ కంపెనీ అంతర్జాతీయ ట్రిబ్యునల్‌కు వెళ్లి 2020లో గెలిచింది, మరుసటి ఏడాది ప్రభుత్వమే ఆ డిమాండును వదులుకుంది. మనకు ఉన్న ట్రిబ్యునల్ వార్డు కార్యాలయం. అక్కడ సర్వర్ పనిచేయడం లేదు.

ఇంతవరకూ నవ్వుకోవచ్చు. కింగ్‌ఫిషర్ ఎయిర్‌లైన్స్ సిబ్బంది దగ్గరకు వచ్చేసరికి నాకు నవ్వు రాదు. నెలనెలా వాళ్ల జీతంలోంచి పన్ను కోశారు. ఖజానాకు కట్టలేదు. యజమాని 2016లో విమానమెక్కి లండన్ వెళ్లిపోయాడు. పన్ను కట్టలేదేమని నోటీసులు మాత్రం, అప్పటికే జీతాలు రాక అల్లాడిన ఉద్యోగులకు వచ్చాయి. జీతంలోంచి కోసిన పన్నును ఉద్యోగిని మళ్లీ అడగకూడదని 1961 నాటి ఆదాయపు పన్ను చట్టం 205వ సెక్షన్‌లో అప్పటికే స్పష్టంగా ఉంది. ఆ మాట అధికారులకు గుర్తుచేస్తూ ప్రత్యక్ష పన్నుల బోర్డు 2015లో రాసింది. 2016లో మళ్లీ రాయాల్సి వచ్చింది. తమ చట్టం తమకే రెండుసార్లు చదివి వినిపించుకోవాల్సిన శాఖ, ఒక్క రోజు ఆలస్యమైతే మన దగ్గర నెల వడ్డీ గుంజుతుంది! దొంగ ఎవరో తెలుసు, ఎంత దొంగిలించాడో తెలుసు, ఎవరి జీతంలోంచో తెలుసు. అయినా చేతికి అందేవాడి గొంతే పట్టుకుంటారు. సిగ్గుండాలి.

అన్నట్టు, అప్పీలులో నలిగేవారి కోసం 2020లోనూ 2024లోనూ వివాద్ సే విశ్వాస్ అనే పథకం తెచ్చారు. వడ్డీ, జరిమానా మాఫీ. అసలు కడితే చాలన్నారు. అంటే ఒకసారి జీతంలోంచి పోయిన పన్నును ఇంకోసారి కట్టేస్తే, అది రెండుసార్లు కట్టడంలో జరిగిన ఆలస్యాన్ని సర్కారు పెద్ద మనసుతో క్షమిస్తుంది.