తాత్కాలిక జాబితా గారి దివ్యసముఖానికి

మహారాజశ్రీ యునెస్కో వారి ప్రపంచ వారసత్వ తాత్కాలిక జాబితా గారికి,

పాలమూరు నుంచి నమస్కరించి రాయునది ఏమనగా, ఇక్కడ మేమంతా క్షేమం. పారిస్‌లో ఫైళ్ల మధ్య తమరి క్షేమసమాచారాలు తెలియజేయగలరు.

జాబితాలు మాకు కొత్త కాదండీ. రేషన్ కార్డులది, పింఛన్లది, ఇళ్లది... పంచాయతీ గోడకి కాగితం అంటించిన రోజు ఊరు ఊరంతా అక్కడే. పేరుంటే ఒక లడాయి, లేకపోతే ఇంకో లడాయి. అందుకే 2025లో కృష్ణ మండలం ముడుమాల్ నిలువురాళ్ల పేరు లిస్టులో వచ్చిందని చెప్పగానే, మావాళ్లు అడిగిన మొదటి మాట "ఫైనల్ లిస్టా, ఉత్త లిస్టా?" అని. ఉత్తదే అన్నాను. "అయితే ఇంకా తిరగాలె" అని ఎవరి పనికి వాళ్లు వెళ్లిపోయారు.

తమరి రూల్సు చదివాను. ఏ స్థలమైనా మీ దగ్గర కనీసం ఏడాది కూర్చోవాలి. ఆ తర్వాతే అసలు జాబితాకు నామినేషన్. అదీ ఒక దేశం ఏడాదికి ఒక్కటే పంపాలి. మన దేశం నుంచి మీ వరండాలో కూర్చున్నవి 60కి పైగా. పోనీ వరస తప్పకుండా నడిచిందే అనుకుందాం, ఆఖరివాడి వంతు వచ్చేసరికి నన్నే తవ్వి తీయాలి. రాళ్లకేం, 3,500 ఏళ్లుగా నిలబడే ఉన్నాయని పండితులు చెప్తున్నారు. పేరే నిలువురాళ్లు. ఇంకో అరవై ఏళ్లు నిలబడమంటే కాళ్లు గుంజుతున్నాయని అనవు.

మొన్న పని కట్టుకుని వెళ్లి చూసొచ్చాను. మక్తల్ దాటి రాయచూరు రోడ్డు పట్టుకుని, కృష్ణానది వైపు. పది, పద్నాలుగు అడుగుల రాళ్లు, ఏదో మీటింగుకి వచ్చి మాట మర్చిపోయినట్టు నిలబడి ఉన్నాయి. అయనం మారే రోజుల్లో సూర్యుడి పొద్దుపొడుపుకీ పొద్దుగూకడానికీ ఈ రాళ్ల వరసలు సరిపోతాయట. ఒక బండ మీద చిన్న చిన్న గుంటలు తొలిచారు, అవి సప్తర్షి మండలం అంటారు. నేను వంగి ఒక్కొక్క గుంటా లెక్కపెడుతుంటే, ఒకదాంట్లో పల్లికాయ పొట్టు. వశిష్ఠుల వారి మీద పడిందో అత్రి మహాముని మీద పడిందో తెలియదు. ఉఫ్ అని ఊదేశాను. వెనకాల ఒక బర్రె, మీరు 'విశిష్ట సార్వజనీన విలువ' అని పిలిచే ఆ రాయికి మెడ ఆనించి, కళ్లు మూసుకుని, హాయిగా గోక్కుంటోంది. దాని మొహంలో ఉన్న తృప్తి ఏ నామినేషన్ ఫైల్లోనూ రాదు.

ఇక్కడ ఒక రాయి ఎల్లమ్మ. ఇంకోటి నిలురాళ్ల తిమ్మప్ప. పొలానికి అడ్డమని జనం పీకేసిన రాళ్లు చాలానే ఉన్నాయి కానీ, పసుపు కుంకుమ పడ్డ రాయి జోలికి ఎవరూ పోలేదు. మీకంటే ముందే ఎల్లమ్మ తన లిస్టు తయారు చేసుకుంది. ఏడాదికి ఒకటే అని రూలు కూడా పెట్టలేదు.

అక్కడే ఒక పెద్దాయన కలిశాడు. నన్ను ఆఫీసరనుకున్నాడు (తప్పు నాదే, చొక్కా టక్ చేసుకుని పోయాను).

"సారూ, దీనికి బఫర్ గిట్ట పెడ్తరా?"

బఫర్ అనే మాట మా ఉమ్మడి జిల్లాలో అమ్రాబాద్ పులుల పుణ్యమా అని అందరికీ తెలుసు. కోర్ అంటే పులి ఉండేది, బఫర్ అంటే మనిషి టెన్షన్‌తో ఉండేది. మీ పుస్తకంలోనూ బఫర్ జోన్ ఉందని చదివాను కాబట్టి అబద్ధం ఆడలేను, నిజం చెప్పే ధైర్యమూ లేదు. "చూద్దాం పెద్దాయనా" అన్నాను. అన్నాకే అర్థమైంది, నిజంగానే ఆఫీసరునైపోయానని.

ఇంకో సంగతి. అసలు మీరెలా పుట్టారో గుర్తుందా? ఈజిప్టులో నైలు నది మీద ఆస్వాన్ దగ్గర పెద్ద డ్యామ్ కడుతుంటే అబూ సింబెల్ గుడులు మునిగిపోతాయని, 1964 నుంచి 1968 దాకా వాటిని ముక్కలుగా కోసి, 65 మీటర్లు పైకెత్తి నిలబెట్టారు. లోకమంతా చందాలు వేసుకుంది. ఆ ఊపులోనే 1972లో ఒప్పందం రాసుకున్నారు, మీ వంశం మొదలైంది. బాగుంది. కానీ మా నాగార్జునసాగర్‌కు 1955లో శంకుస్థాపన చేశారు. మునిగిపోయే నాగార్జునకొండ లోయను అప్పటికే తవ్వుతున్నారు, 1960 దాకా తవ్వి, దొరికిన కట్టడాల్ని కొండ మీదికీ, ఒడ్డునున్న అనుపుకీ చేర్చారు. తర్వాత శ్రీశైలం నీళ్లొస్తే కూడవెల్లి సంగమేశ్వరుణ్ణి రాయి రాయి విప్పి అలంపూర్ తెచ్చి మళ్లీ పేర్చారు. పాపనాశి గుళ్లదీ అదే కథ. అంటే మీ మూలపురుషుడు చేసిన పని కృష్ణమ్మ ఒడ్డున ఇంటి సామాను సర్దినట్టు చేశాం. మాకు సర్టిఫికెట్ ఎవరివ్వాలి?

అలంపూర్ అంటే గుర్తొచ్చింది. బాదామి చాళుక్యులకు మలప్రభ ఒడ్డున పట్టదకల్ ఉంది, తుంగభద్ర ఒడ్డున మా నవబ్రహ్మలున్నారు. ఒకే ఇంటి అన్నదమ్ములు. ఆయనకు 1987లోనే మీ అసలు జాబితాలో పేరొచ్చింది. ఈయన ఇంకా ఆధార్ కార్డు పట్టుకుని లైన్లోనే ఉన్నాడు.

2021 జులైలో మీ పెద్దలు లివర్‌పూల్ పేరు కొట్టేసిన నాలుగు రోజులకి మా రామప్ప పేరు ఎక్కించారు. రెండింటికీ సంబంధం లేదని నాకు తెలుసు. మా ఊళ్లో చెప్పి చూడండి. "ఒకని కార్డు కట్టయితేనే ఇంకొకనికి వస్తది" అని నాకే పాఠం చెప్పారు.

మా మీద జాలి పడి రాయించుకోమని కాదు ఈ లేఖ. పిల్లలమర్రి చెట్టుకి చెదలు పడితే 2018లో మందు సెలైన్ సీసాల్లో ఎక్కించి బతికించుకున్న జిల్లా మాది. ఆ చెట్టు ఏ లిస్టులో ఉందని ఎవరూ అడగలేదు.

తిరుగు టపాలో ఒక్కదానికి జవాబు రాస్తే చాలు. వచ్చేటప్పుడు ఆ పెద్దాయన గట్టు దాకా వెంట వచ్చి, చుట్టూ చూసి, మెల్లగా అడిగాడు: "లిస్టుల పేరొచ్చింది సరే. పైసలు ఎవల ఖాతాల పడ్తయి సారూ, ఎల్లమ్మదా, తిమ్మప్పదా?"

ఇట్లు,
మక్తల్ బస్టాండులో గంటన్నరగా నిలబడి ఉన్న ఒక నిలువురాయి