అమ్మే మాట కొనేవాళ్ల దగ్గరే దొరుకుతుంది

సేల్స్ కాపీ, అంటే వస్తువును కొనిపించేందుకు రాసే ప్రకటన పాఠం, రాయమనగానే చాలామంది విశేషణాల వేటలో పడతారు. అత్యుత్తమం, అద్భుతం, నంబర్ వన్, ప్రపంచ స్థాయి. వీటిని చూసీ చూసీ పాఠకుల కళ్లు వాటి మీద నిలవడం ఎప్పుడో మానేశాయి. కాపీ తేలిపోతే రాసినవాళ్లకు భాష రాదని అనుకుంటాం. నేను ఒప్పుకోను. ఎవరి కోసం రాస్తున్నారో వాళ్లతో ఒక్కసారైనా మాట్లాడకుండా రాయడానికి కూర్చోవడమే అసలు లోపం.

గత శతాబ్దం మొదట్లో అమెరికా బీరు కంపెనీలన్నీ 'మాది స్వచ్ఛం' అని పోటీపడి చాటుకునేవి. ష్లిట్జ్ కంపెనీకి ప్రకటనలు రాయడానికి వచ్చిన క్లాడ్ హాప్‌కిన్స్ ముందుగా కర్మాగారం లోపలికి వెళ్లి చూశారు. వడపోసిన గాలితో నింపిన గదులు, ఎంతో లోతైన బావుల నుంచి తోడిన నీళ్లు, ఆవిరితో శుభ్రం చేసే సీసాలు కనిపించాయి. ఇవన్నీ జనానికి ఎందుకు చెప్పరని అడిగితే, 'అందరూ చేసేదేగా' అన్నారట వాళ్లు. ఆయన వాటినే రాశారు, ప్రకటన పండింది. 'స్వచ్ఛం' అంటే ఎవరైనా అనగలిగే మాట. ఆవిరి పట్టిన సీసా మాత్రం కళ్లకు కడుతుంది. తయారుచేసేవాళ్లకు రోజువారీ పని కాబట్టి చెప్పాలనే తోచదు. బయటివాళ్లకు అదే కొత్త సంగతి.

1958 నాటి రోల్స్ రాయిస్ ప్రకటనలోనూ ఇదే బలం. గంటకు 60 మైళ్ల వేగంలో ఈ కారులో వినిపించే అతి పెద్ద చప్పుడు ఎలక్ట్రిక్ గడియారానిదే అన్నది శీర్షిక. దాన్ని రాసిన ప్రకటనల రచయిత డేవిడ్ ఓగిల్వీ ఊహించి రాయలేదు. ఓ మోటారు పత్రిక సమీక్షలోంచి ఏరుకున్నారు.

అయితే వివరం ఎంత గట్టిదైనా, వినే మనిషి ఎక్కడున్నాడో తెలియకపోతే గురి తప్పుతుంది. కొనేవాళ్లకు తమ అవసరం గురించి ఎంత తెలుసన్నదాన్ని బట్టి కాపీ మారాలని మరో ప్రకటనల రచయిత యూజీన్ ష్వార్ట్జ్ 1966లోనే వివరించారు. లెక్కల సాఫ్ట్‌వేర్ అమ్ముతున్నామనుకుందాం. నెలాఖరున లెక్క తేలక అర్ధరాత్రి దాకా కూర్చునే చిన్న వ్యాపారికి తన తిప్పలు తెలుసు, వాటికి విరుగుడు ఉందని తెలియదు. ఆయనకు ఫీచర్ల జాబితా ఇస్తే మొదటి వరుసలోనే వదిలేస్తాడు. ఆ అర్ధరాత్రి నుంచే మాట మొదలుపెట్టాలి. ఇప్పటికే రెండు సాఫ్ట్‌వేర్లు వాడి విసిగినవాడికి ఆ కథ అక్కర్లేదు. పాత లెక్కలన్నీ ఇందులోకి ఎలా తెచ్చుకోవాలన్నదే అతని బెంగ. ఒకే వస్తువు, రెండు వేర్వేరు ఉత్తరాలు.

ఈ తేడా టేబుల్ ముందు కూర్చుంటే తట్టదు. కొన్నవాళ్లను అడగాలి: దీనికి ముందు ఏం వాడేవారు, కొనడానికి ఎందుకు వెనకాడారు, చివరికి దేన్ని చూసి సరేనన్నారు? జవాబులను మన శైలిలోకి మార్చకుండా ఉన్నదున్నట్టు రాసుకోవాలి. మంచి రివ్యూల కన్నా నాకు రెండు, మూడు నక్షత్రాలవే ఎక్కువ పనికొస్తాయి. ఆశపడింది ఏమిటో, దక్కనిది ఏమిటో అక్కడే బయటపడుతుంది.

అమ్మకాల పేజీల్లో రోజూ మళ్లీ మొదటికి వచ్చే 'ఈ రాత్రికే ఆఖరు' గడియారాలంటే నాకు కోపం. గడువు నిజమైతే చెప్పాలి, తప్పులేదు. అబద్ధమని ఒకసారి పట్టుబడితే కింద రాసిన నిజాలను కూడా ఎవరూ నమ్మరు.

రాసింది పూర్తయ్యాక, ఆ వస్తువు కొనాలా వద్దా అని ఊగిసలాడే ఒక్క మనిషికి పైకి చదివి వినిపించండి. ఎక్కడ ఆపి ప్రశ్న అడిగితే, రాయాల్సిన వాక్యం అక్కడే మిగిలిపోయింది.