ఆ ఫోటో కింద ఊరి పేరు రాయండి

మొన్న ఇక్కడ, సొంతూరికి దూరంగా, మన సంఘం బతుకమ్మ వేదిక వెనక ఒక నలుపు తెలుపు ఫోటో పెట్టారు. ఒక మ్యూజియం వాళ్ల పాత ఫోటోల్లోంచి తెచ్చి పెద్దగా అచ్చు వేయించారు. నల్లరాతి ఆడమనిషి, సన్నని నడుము, కాళ్లకు ఎత్తు మడమల చెప్పులు. కింద 'దక్షిణ భారత శిల్పం' అని మాత్రమే ఉంది. "అన్నా, ఈమె మన రామప్ప గుడి మదనిక, చూరు కింది నాట్యకత్తె బొమ్మ, ఊరి పేరు రాయిద్దాం" అని కార్యవర్గంలో ఒకరిని అడిగాను. "ఎక్కడిదైతే ఏందమ్మా, బొమ్మ మంచిగుంది కదా" అన్నారు. బతుకమ్మ ఆడినంతసేపూ ఆ మాట గుచ్చుతూనే ఉంది.

ఆమెను నేను తొమ్మిదేళ్లప్పుడు చూశాను. బాపు, నాయనమ్మ, నేను పొద్దున్నే హనుమకొండలో ములుగు బస్సెక్కాం. సద్దిమూటలో సర్వపిండి. గుడి చూరు కింద నాయనమ్మ చెయ్యి కళ్లకు అడ్డం పెట్టుకుని చాలాసేపు పైకి చూసింది. "గీ పిల్లను జూడు బిడ్డా! మనం చెప్పులు బయట ఇడిసొచ్చినం, ఈమె దేవుని ముంగట తొడుక్కొనే నిలవడ్డది" అని మురిసిపోయింది. దిగివచ్చేటప్పుడు కూడా "పోయొస్తం బిడ్డా" అని ఆ రాతికి చెప్పింది.

1213లో కాకతీయ రాజు గణపతిదేవుని సేనాని రేచర్ల రుద్రుడు కట్టించిన గుడి అది. రాజు పేరు, సేనాని పేరు పక్కన పెట్టి, గుడిని చెక్కిన శిల్పి రామప్ప పేరుతోనే మనవాళ్లు దాన్ని పిలుచుకున్నారు. ఎర్రటి గుడికి చూరు కింద నల్లగా మెరిసే మదనికలు పన్నెండు మంది. 2021లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేరినప్పుడు మన గ్రూపులన్నీ ఆ బొమ్మలతోనే నిండాయి కదా!

కార్యవర్గం వాళ్లు నిద్ర మానుకుని పనిచేశారు, ఆ ఫోటో వెతికి తెచ్చిందీ వాళ్లే, కాదనను. ఇంటి దగ్గర మనం మాత్రం ఏం చేశాం? విహారయాత్రకు పోయి గుడి స్తంభాల మీద సొంత పేర్లు గీకి వచ్చినవాళ్లున్నారు మనలో. ఖిలా వరంగల్‌లో విరిగిన శిల్పాల పక్కనే ఆడుకుని పెరిగి కూడా వాటి కథ అడగలేదు. అయినా నాయనమ్మ లాంటివాళ్లు వాటిని పలకరించేవారు. ఇక్కడ పుట్టిన నా బిడ్డ ఆ ఫోటో ముందు నిలబడి "అమ్మా, ఇదెక్కడుంది?" అంది. జవాబు ఆ ఫోటో కిందే ఉండాల్సింది.

వచ్చే ఏడు సంఘం క్యాలెండర్ మీద అదే ఫోటో వేస్తారట. దయచేసి ఒక్క వరుస చేర్చండి: 'రామప్ప గుడి, పాలంపేట, ములుగు జిల్లా'. అచ్చుకు పోయేముందు నన్ను పిలవండి, వచ్చి అక్షరాలు సరిచూసి పెడతాను.