హోమ్ సైన్స్ అంటే వంటల క్లాసు కాదండీ

"హోమ్ సైన్స్ చదివితే ఉద్యోగాలెక్కడ?" అని ఒక వ్యాసంలో అడిగారు. ఆ చదువు చదివినవాళ్లు చేసే పని మన కంటికి ఆనకపోవడం వల్లే ఈ ప్రశ్న వస్తోంది. రైతులకు కొత్త పద్ధతులు నేర్పే కృషి విజ్ఞాన కేంద్రాల్లో పంటల శాస్త్రవేత్తలతో పాటు హోమ్ సైన్స్ శాస్త్రవేత్త పోస్టూ ఉంటుంది. రాగి, జొన్నలతో పిల్లలు ఇష్టంగా తినేవి చేయించడం, పెరటి తోటలు పెట్టించడం, మహిళా సంఘాలకు పొడులు, పచ్చళ్ల నిల్వ, ప్యాకింగ్ నేర్పడం వాళ్ల పనే. వంగి కలుపు తీసే ఆడవాళ్లకు నడుం నొప్పి తగ్గించే పనిముట్లు చూపించేదీ వాళ్లే. వ్యవసాయం మీద ఇన్ని చర్చలు జరుగుతాయి కదా, ఆ నడుం నొప్పి గురించి ఎవరైనా మాట్లాడగా విన్నారా?

వ్యవసాయ వర్సిటీల్లో ఈ నాలుగేళ్ల డిగ్రీని ఇప్పుడు కమ్యూనిటీ సైన్స్ అంటున్నారు. పోషకాహారం, పిల్లల ఎదుగుదల, వస్త్రాలు, కుటుంబ వనరులు, విస్తరణ విద్య (కొత్త విషయాలను ఊళ్లకు చేర్చే పద్ధతులు) అన్నీ అందులో ఉంటాయి. అయినా "పెళ్లి చదువు" అనే వెటకారం పోలేదు.

చిన్నపిల్లలకు, తల్లులకు పోషకాహారం అందించేందుకు 1975లో మొదలైన ఐసీడీఎస్ పథకంలో పిల్లల బరువులు, ఆటపాటలు, రిజిస్టర్లు అన్నీ అంగన్‌వాడీ టీచర్ నెత్తినే పెట్టాం. ఆమెకు అండగా ఉండే సూపర్‌వైజర్ పోస్టుల్లో, గురుకులాల మెనూ తయారీలో ముందు హోమ్ సైన్స్ చదివినవాళ్లను తీసుకోండి. ఉద్యోగాలెక్కడ అని అప్పుడు అడుగుదాం.