ఆ భవనంలో దయ్యం లేదని ఎవరన్నారు?

మొన్న ఆదివారం రాత్రి మా తమ్ముణ్ణి కూర్చోబెట్టి 'సెషన్ 9' చూపించాను. నాకు అది నాలుగోసారి, వాడికి మొదటిసారి. సినిమా అయిపోగానే వాడు లేచి లైటు వేసి, "గంటా నలభై నిమిషాలు చూశాం. ఇంతకీ దయ్యం ఏదన్నా?" అని అడిగాడు.

నాకు కోపం వచ్చింది. వాడి మీద కాదు. దయ్యమంటే తెల్లచీర, గజ్జెల చప్పుడు, తలుపు కిర్రుమనగానే చెవులు చిల్లులు పడే మోత అని వాడికి అలవాటు చేసినవారి మీద. ఆ రాత్రి సరిగా జవాబు చెప్పలేకపోయాను. రెండు రోజులుగా ఆ ప్రశ్న నన్ను వదలడం లేదు, అందుకే ఇది రాస్తున్నాను. చూడనివారికి కథ కొంత తెలిసిపోతుంది. చివరి మలుపు మాత్రం చెప్పను.

ఇది 2001లో వచ్చిన అమెరికన్ సినిమా. దర్శకుడు బ్రాడ్ ఆండర్సన్. ఖర్చు దాదాపు 15 లక్షల డాలర్లు, హాలీవుడ్ లెక్కల్లో చాలా చిన్న మొత్తం. అమెరికా థియేటర్లలో అందులో మూడో వంతు కూడా తిరిగి రాలేదు. సెట్లు వేసే స్తోమత లేని ఆ బృందానికి దొరికిన పెద్ద ఆస్తి ఒక భవనం. మసాచుసెట్స్ రాష్ట్రంలోని డాన్వర్స్‌లో గుట్ట మీద 1878లో తెరిచి, 1992లో మూసేసిన ప్రభుత్వ మానసిక వైద్యశాల అది. పెచ్చులు ఊడిన గోడలు, దుమ్ము పట్టిన వరండాలు, వదిలేసిన కుర్చీలు. చాలా గదులు అడుగు పెట్టడానికే ప్రమాదకరంగా ఉండటంతో ఒక చిన్న భాగంలోనే చిత్రీకరణ జరిపారు.

ఆ భవనం గురించి కొంచెం చెప్పాలి. మంచి గాలి, వెలుతురు, చుట్టూ పచ్చదనం ఉంటే మనసు సగం కుదుటపడుతుందని థామస్ కర్క్‌బ్రైడ్ అనే వైద్యుడు 19వ శతాబ్దంలో నమ్మాడు. ఆయన పద్ధతిలోనే ఈ ఆసుపత్రిని రెక్కలు చాచిన గబ్బిలంలా, వార్డులన్నింటికీ ఎండ తగిలేలా కట్టారు. తీరా 500 మంది కోసం కట్టిన చోట 1940ల నాటికి 2,000 మందికి పైగా రోగులను కుక్కారు. దయతో మొదలైన కట్టడం అది. అదే నాకు అన్నిటికన్నా బాధగా ఉంటుంది.

రోగులకు ఎండ తగలాలని పెట్టిన ఆ కిటికీల వెలుతురులోనే సినిమా చాలావరకు నడుస్తుంది. మిట్టమధ్యాహ్నం చింతచెట్టు కిందికి వెళ్ళవద్దని మా నాయనమ్మ అరిచేది. అర్ధరాత్రికి భయపడాలి గానీ పట్టపగలు ఏముంటుందని అనుకునేవాణ్ణి. నిర్మానుష్యమైన వరండాలో మధ్యాహ్నపు ఎండ పడి ఉంటే అది ఎంత భయం పుట్టిస్తుందో ఈ సినిమాలోనే చూశాను.

ఇదే డాన్వర్స్ ఒకప్పటి సేలం గ్రామం. 1692లో మంత్రగత్తెలన్న నెపంతో అమాయకులను ఉరికంబం ఎక్కించిన ఘోరం అక్కడే మొదలైంది. ఇంకెవరైనా అయితే ఆ ఆత్మలన్నిటినీ లేపి తెర మీదికి తెచ్చేవారు. ఆండర్సన్ ఆ జోలికి పోలేదు. ఐదుగురు పనివాళ్ళ వెంట నడిచాడు. నాకు ఈ సినిమా మీద ఇంత ప్రేమ అందుకే.

వాళ్ళ పని ఆ భవనంలోని ఆస్బెస్టాస్ అనే హానికరమైన నారను తొలగించడం. పని పట్టిన గార్డన్‌కు ఇంట్లో పసిబిడ్డ ఉంది, వ్యాపారం మునిగే దశలో ఉంది. రెండు మూడు వారాలు పట్టే పనిని ఒక్క వారంలో చేస్తానని ఒప్పుకుంటాడు. వారంలో ముగిస్తే 10,000 డాలర్లు అదనంగా వస్తాయి. అది జరిగే పని కాదని పక్కనే ఉన్న ఫిల్‌కు తెలుసు, గార్డన్‌కూ తెలుసు.

మా నాన్న చిన్న చిన్న కట్టుబడి పనులు గుత్తకు పట్టేవారు. బడి ప్రహరీలు, మరుగుదొడ్లు, గోదాముల మరమ్మతులు. పనులు దొరకని నెలల్లో అందరికన్నా తక్కువ రేటు రాసి టెండరు తెచ్చుకునేవారు. ఆ రోజు ఇంటికి మిఠాయి వచ్చేది. ఆ రాత్రి నుంచి నాన్నకు నిద్ర ఉండేది కాదు. శనివారం బట్వాడా. సాయంత్రం కూలీలు మా అరుగు మీద కూర్చుని ఉండేవారు, నాన్న అప్పు కోసం ఎవరింటికో వెళ్ళి ఉండేవారు. ఆయన వచ్చేదాకా అమ్మ వారికి టీ పెట్టి ఇస్తూనే ఉండేది. ఆ రెండు గంటలూ మా ఇంట్లో ఎవరం గొంతు పెంచేవాళ్ళం కాదు. గార్డన్ పని మధ్యలో ఇంటికి ఫోను చేసినప్పుడల్లా నాకు మా అరుగే కనిపిస్తుంది.

తమ్ముడికి అప్పుడు నాలుగేళ్ళు. వాడికి ఆ శనివారాలు గుర్తుండవు.

పనివాళ్ళలో మైక్ అనేవాడికి పాత టేపులు దొరుకుతాయి. మేరీ అనే రోగితో వైద్యుడు జరిపిన తొమ్మిది సంభాషణలు. ఆమెలోంచి రకరకాల గొంతులు పలుకుతాయి. అందులో సైమన్ అనే గొంతును నువ్వు ఎక్కడుంటావని వైద్యుడు అడిగితే, బలహీనుల్లో, గాయపడినవారిలో ఉంటానంటుంది. తమ్ముడి ప్రశ్నకు జవాబు సినిమాలోనే ఉంది. వాడు అప్పుడు ఫోను చూసుకుంటున్నాడు.

చీకటంటే వణికిపోయే జెఫ్ అనే కుర్రాడు సొరంగంలో ఉండగా జనరేటర్ ఆగిపోతుంది. వెనక నుంచి ఒక్కొక్క దీపమూ ఆరిపోతూ వస్తుంటే వాడు పరుగెత్తుతాడు. వరస దీపాలు, ఒక కుర్రాడు, ఒక పొడుగాటి దారి. దీనికి ఎంత ఖర్చయి ఉంటుంది? డబ్బు లేదు కాబట్టి భయపెట్టలేకపోయాం, అందుకే కామెడీ కలిపాం అనే మన నిర్మాతలు ఈ ఒక్క సన్నివేశాన్ని పదిసార్లు చూడాలి.

ఆస్బెస్టాస్ సంగతి కూడా చెప్పాలి. కంటికి ఆనని నార అది. ఊపిరితో లోపలికి వెళ్ళి అక్కడే ఉండిపోతుంది. ఇరవై, ముప్పై, నలభై ఏళ్ళు ఏ అలికిడీ లేకుండా ఉండి, చివరికి క్యాన్సర్‌గా బయటపడవచ్చు. మన ఊళ్ళలో ఇళ్ళ మీద కనిపించే పాత సిమెంటు రేకుల్లో ఉన్నది అదే. ఎన్నో దేశాలు నిషేధించినా మన దగ్గర ఆ రేకుల తయారీ ఆగలేదు. నాన్న దగ్గర పనిచేసినవారు వాటిని రంపంతో కోసేటప్పుడు ముఖానికి తువ్వాలు చుట్టుకునేవారు. అంతకుమించి వారికి రక్షణ లేదు.

ఈ సినిమాతో నాకు ఒక తగువు ఉంది. మేరీ జబ్బును భయపెట్టడానికి వాడుకున్నారు. మిగతా దయ్యాల సినిమాలు ఇంకా ఘోరం. మానసిక వైద్యశాల చూపించారంటే రోగులందరూ చచ్చి దయ్యాలై పగ తీర్చుకోవలసిందే. నిజానికి ఆ గోడల మధ్య బాధపడినది వాళ్ళు. మనం మాత్రం తక్కువ తిన్నామా? ఎవరైనా కొంచెం తేడాగా మాట్లాడితే "ఎర్రగడ్డకు పంపాలి" అని ఎంత తేలిగ్గా అనేస్తాం! ఆ మాట నేనూ అన్నాను, ఇక అనను.

డాన్వర్స్ ఆసుపత్రి శ్మశానంలో రోగుల సమాధుల మీద పేర్లు ఉండేవి కావు, అంకెలు ఉండేవి. తర్వాతి కాలంలో మానసిక వైద్యశాలల్లో ఉండి వచ్చిన పాత రోగులే పూనుకుని, రికార్డులు వెతికి, అక్కడ పడుకున్నవారి పేర్లను రాళ్ళ మీదికి తెచ్చారు. భవనాన్ని 2006లో చాలావరకు కూల్చేశారు. ముందు భాగపు ఇటుక గోడలను నిలబెట్టి, వెనక అపార్ట్‌మెంట్లు కట్టారు.

తమ్ముడూ, వచ్చే శనివారం మళ్ళీ పెడతాను, రా. ఫోను అవతల పెట్టు. మొదట్లోనే గార్డన్ "వారంలో చేస్తాను" అంటాడు. అప్పుడు అతని ముఖం చూడు.