సవరణ: క్యాసెట్ ఊదితే గేమ్ నడిచేదా?

పాత వీడియో గేముల మీద పోయినసారి రాస్తూ, గేమ్ రాకపోతే క్యాసెట్ తీసి ఉఫ్‌మని ఊదితే దుమ్ము పోయి నడిచేదని తేల్చేశాను. తప్పు. నడిచింది ఊదినందుకు కాదు, తీసి మళ్లీ పెట్టినందుకు.

1985లో అమెరికాలో వచ్చిన నింటెండో కంపెనీ గేమ్ మెషిన్ ఎన్‌ఈఎస్‌లో క్యాసెట్‌ను ముందు నుంచి తోసి, కిందికి నొక్కాలి. లోపల 72 పిన్నుల కనెక్టర్ ఉంటుంది. వాడగా వాడగా ఆ పిన్నులు వంగి పట్టు వదులవుతుంది. దానికి తోడు, క్యాసెట్ అసలుదా కాదా అని చూసే లాకౌట్ చిప్ ఒకటి. క్యాసెట్‌లో ఉండే జోడీ చిప్‌తో దానికి లంకె కుదరకపోతే మెషిన్‌ని సెకనుకోసారి రీసెట్ చేస్తుంది. ఎర్ర లైటు ఆగకుండా మిణుకుమిణుకుమనేది అందుకే. తీసి పెట్టినప్పుడు పిన్నులు కాస్త వేరే చోట తగిలి, ఒక్కోసారి కుదిరేది. క్రెడిట్ మాత్రం మన ఊపిరికి పోయింది.

పైగా ఊపిరిలోని తేమకి పిన్నులు పాడవుతాయి. ఊదొద్దని నింటెండోనే చెప్పింది.

ఇంకో చిన్న పొరపాటు: ఈ మెషిన్‌కి జపాన్ రూపమైన 1983 నాటి ఫామికామ్‌కీ 72 పిన్నులే అన్నాను. దానికి 60. లాకౌట్ చిప్ కూడా లేదు.

ఈ రెండు చోట్లా పాత పోస్టు దిద్దాను. బుగ్గలు ఉబ్బించి, మౌత్ ఆర్గాన్ వాయించినట్టు ఈ చివర నుంచి ఆ చివరకి ఊదేవాళ్లమన్న వాక్యం మాత్రం ఉంచేశాను. అది నిజమే కదా!